ఆంగ్లేయుల నుడికారమున కొలువు, చుట్టరికము



జాతీయమనగా మాటల కూడిక కాదు. తెలుగు నేర్చుకొనుచున్న ఆంగ్లేయుడొకడు “కాలికి బుద్ధి చెప్పెను” అను వాక్యమును చూచినచో, ఎవరో తన పాదమునకు నీతిశాస్త్రము బోధించెనని తలచును. పారిపోయెనని అతనికి తట్టదు. అట్లే “వానికి సంచి యిచ్చిరి” అను ఆంగ్లవాక్యమును మక్కికి మక్కిగా తెలిగించుకొన్న పల్లెటూరి విద్యార్థి, ఆ ఉద్యోగికి ఏదో బహుమానము దొరికెనని సంతసించును. నిజమునకు వానిని పనిలోనుండి తొలగించినారు. పూర్వము పనివాడు తన పనిముట్లు సంచిలో వేసికొని వచ్చెడివాడనియు, పని చాలించుమన్ననాడు యజమానుడు ఆ సంచి వాని చేతికిచ్చి పంపెడివాడనియు పెద్దలు దీనికి కథ చెప్పుదురు. ఫ్రెంచివారిలోను ఇట్టి పలుకుబడియే కలదు.

ఇట్టి పొరపాటు కథల పుస్తకము చదువునప్పుడు జరిగినచో నవ్వి ఊరకుండవచ్చును. కొలువు కాగితము చదువునప్పుడు జరిగినచో నోటికాడి కూడు పోవును. ఆంగ్లమున వచ్చిన ఉత్తరువులో “మిమ్ము కోరడమైనది” అని యున్నచో అది కోరిక కాదు, ఆజ్ఞ. “దయచేసి సంజాయిషీ ఇచ్చుకొనవచ్చును” అని యున్నచో ఇచ్చుటయు మానుటయు మన ఇష్టమని భావించరాదు. గడువులోపల ఇయ్యకున్న ఏమగునో ఆ కాగితమే తరువాత చెప్పును. ఇక తెల్లదొరల కాలమున సర్కారు జాబుల చివర “మీ మిక్కిలి విధేయుడైన సేవకుడు” అను అర్థమిచ్చు పంక్తి యొకటి ఉండెడిది. పై అధికారి క్రింది అధికారికి వ్రాసినను, అర్జీ త్రోసివేయుచు వ్రాసినను, ఆ పంక్తి తప్పెడిది కాదు. ఇంగ్లీషు చదివిన కుమారునిచేత ఆ జాబు చదివించుకొన్న రైతు, దొరగారు తనకు సేవకుడైనప్పుడు తన భూమి తనకేల ఇప్పించలేదని అడిగినచో ఆ కుమారుడేమి చెప్పగలడు? తెలుగు అర్జీల అడుగున నేటికిని కనబడు “ఇట్లు, తమ విధేయుడు” అను మాట ఆ పంక్తి నీడయే.

కావున ఆంగ్లజాతీయములను, అందును కొలువునకును మనుష్యుల నడుమనున్న సంబంధములకును చెందినవానిని, వాని పుట్టుకతో సహా తెలిసికొనుట వ్యర్థకాలక్షేపము కాదు. మొదట యజమానుడను మాటనే చూతురుగాక.

ఆంగ్లమున “లార్డ్” అను పదము ప్రభువునకును, భగవంతునికిని చెల్లుచున్నది. వేయి సంవత్సరముల వెనుకటి ఆంగ్లమున దీని రూపము “హ్లాఫ్‌వేర్డ్”. హ్లాఫ్ అనగా రొట్టె. వేర్డ్ అనగా కాపాడువాడు. రొట్టెను కాచువాడు ప్రభువు. “లేడీ” అను మాటకు మూలము “హ్లాఫ్‌డీగె”, రొట్టెపిండి పిసుకునది. వారి యింట పనిచేయు పరివారజనుడు “హ్లాఫేట”, రొట్టె తినువాడు. ఈ మూడవ మాట కెంట్ రాజైన ఏథెల్‌బెర్ట్ ధర్మశాసనములలో కనబడుచున్నది. అవి క్రీస్తుశకము 600 ప్రాంతమునాటివి. అనగా ఆంగ్లజాతి తొలినాళ్ల గృహమందు దొర, దొరసాని, పనివాడు అను మువ్వురును ఒక్క రొట్టె చుట్టును నిలిచియున్నారు. కాచువాడొకడు, పిసుకునదొకతె, తినువాడొకడు.

సంస్కృతము చదివినవారికి ఇది విన్నంతనే మరియొక ముగ్గురు జ్ఞప్తికి రావలెను. “భృ” ధాతువునకు భరించుట, పోషించుట అని అర్థము. భరించువాడు భర్త, భరింపదగినది భార్య, భరింపదగినవాడు భృత్యుడు, వానికి ముట్టునది భృతి, ఇదంతయు మోయువానికి భారము. భర్త అను మాట పెనిమిటికే కాక ప్రభువునకును చెల్లుట కావ్యములు చదివినవారెరుగుదురు. ఎక్కడి కెంటు రాజ్యము, ఎక్కడి పాణిని వ్యాకరణము! ఒకరినుండి ఒకరు నేర్చినది లేదు. అయినను కొలువను దానికి మొదటి అర్థము కూడు పెట్టుటయని రెండు భాషలును ఒప్పుకొన్నవి. ప్రభుత్వమునకంటె ముందు పోషణమున్నది. ఆజ్ఞాపించు హక్కు అన్నము పెట్టినవానికి వచ్చినదే కాని, ఆజ్ఞాపించుటవలన ఎవడును ప్రభువు కాలేదు.

రొట్టె తరువాతిది ఉప్పు. “శాలరీ” అను జీతవాచకమునకు లాటిను మూలము “సలారియమ్”. అది ఉప్పునకు పేరైన “సాల్” శబ్దమునుండి పుట్టినది. ఇంతవరకు నిశ్చయము. రోమను సిపాయిలకు జీతముగా ఉప్పే కొలిచి పోసిరని పాఠశాలలలో చెప్పుట కలదు కాని, ఆ మాటకు ప్రాచీనుల వ్రాతలలో ఆధారము లేదు. ఆంగ్లేయుడు పనికివచ్చు నౌకరును “తన ఉప్పునకు తగినవాడు” అనును. తెలుగువాడు “ఉప్పు తిన్న విశ్వాసము” అనును. రెంటికిని భేదమున్నది. మొదటి మాట పనివాని విలువను తూచుచున్నది. రెండవది వాని మనస్సును పరీక్షించుచున్నది. పని చక్కగా చేసినను విశ్వాసము లేనివాడు తెలుగున ద్రోహియే. పని రాకున్నను విశ్వాసమున్నవానిని తెలుగిండ్లలో ముసలితనమువరకు ఉంచుకొనుట కద్దు. ఇందు ఏది మేలో కచ్చేరి నడుపువారును కాపురము నడుపువారును ఒక్కతీరున చెప్పరు.

ఉప్పును గూర్చియే మరియొక ముచ్చట. మధ్యయుగముల ఇంగ్లండున ప్రభువుల భోజనపు బల్లపై పెద్ద ఉప్పుగిన్నె యొకటి ఉండెడిది. గౌరవనీయులు దానికి ఎగువనను, తక్కువవారు దిగువనను కూర్చుండువారు. అందుచే “ఉప్పునకు దిగువ కూర్చున్నవాడు” అనగా లెక్కలోనికి రానివాడని అర్థమేర్పడినది. తెలుగున దీనికి సరియగు మాట “కడబంతి”. కాని తెలుగువాడు అంతటితో ఆగలేదు. “వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే” అన్నాడు. ఆంగ్లేయుడు పీట ఎక్కడ వేసిరో చూచుకొన్నాడు; తెలుగువాడు గరిటె ఎవరి చేతనున్నదో చూచుకొన్నాడు. కచ్చేరీలలో గుమాస్తాను మంచి చేసికొన్నవాని పని దొరను మంచి చేసికొన్నవాని పనికంటె ముందు జరుగుట చూచినవారెవరును ఈ సామెతను తప్పుపట్టరు.

తెలుగు “జీతము” ఉప్పునుండి రాలేదు. అది “జీవితము” అను సంస్కృతపదమునకు వికృతి. “ఉద్యోగము” అనగా సంస్కృతమున ప్రయత్నము, సన్నాహము. భారతమున ఉద్యోగపర్వము చదివినవారికి అందు నౌకరీల ముచ్చట లేదని తెలియును. ప్రయత్నమను పేరుగల దానిని సంపాదించిన వెంటనే ప్రయత్నము మానుట కొందరు ఉద్యోగుల చమత్కారము.

ఇక విధి. ఆంగ్లమున “డ్యూటీ” అను మాట “డ్యూ” అను మాటకు సోదరి. రెంటికిని లాటినున బాకీపడుట అను అర్థముగల ధాతువు మూలము. అనగా ఆంగ్లేయుని దృష్టిలో కర్తవ్యమొక అప్పు. తెలుగున వాడు “బాధ్యత”కు మూలము “బాధ్” ధాతువు. బాధ్యతలో బాధ ఉన్నదని చమత్కరించువారు వ్యుత్పత్తిలో తప్పలేదు. అట్లని అప్పు అను భావము ఇచ్చట లేకపోలేదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని శాస్త్రములు చెప్పినవి. అయితే జనము నోట ఆ మాట కొలువుకంటె చుట్టరికముపై ఎక్కువ నిలిచినది. ఆలుమగలను, తల్లిబిడ్డలను, తుదకు ఇంటి పాడియావును సయితము ఋణానుబంధముచే వచ్చినవారందురు. అల్లారుముద్దుగా పెంచిన పశువు చచ్చినచో “దాని ఋణము తీరినది” అని కన్నీరు తుడుచుకొందురు. ఆంగ్లేయుడు పనిని అప్పుగా భావించి చుట్టరికమును ఇష్టముగా ఉంచుకొన్నాడు. తెలుగువాడు చుట్టరికమును అప్పుగా భావించినాడు. ఇతడు మేనల్లుని పెండ్లికి సెలవడిగినప్పుడు అతనికి ఆశ్చర్యము కలుగుటకు కారణమిదియే.

డ్యూటీ అను మాటకు ఆంగ్లచరిత్రలో ఒక విచిత్రమైన ఘట్టమున్నది. 1805 అక్టోబరు 21వ తేదీని ట్రఫాల్గర్ నావికాయుద్ధమునకు ముందు సేనాని నెల్సన్ తన నౌకలన్నిటికి జెండాలతో ఒక సందేశమంపెను. ప్రతివాడును తన విధిని నిర్వర్తించునని ఇంగ్లండు ఎదురుచూచుచున్నదని దాని భావము. నెల్సన్ మొదట చెప్పిన మాట “ఎదురుచూచుచున్నది” కాదు, “విశ్వసించుచున్నది”. జెండాల నిఘంటువులో విశ్వసించుటకు గురుతు లేదనియు, అక్షరమక్షరముగా ఎత్తవలసివచ్చుననియు, ఎదురుచూచుటకైతే గురుతున్నదనియు జెండాలు చూచు పాస్కో అను లెఫ్టినెంటు మనవి చేసెను. సేనాని సరేయనెను. ఆ విధముగా సేవకులపై విశ్వాసము పోయి, వారినుండి నిరీక్షణ మిగిలినది. మాట మార్చినది అహంకారము కాదు, సమయాభావము. ఇంకొక వింత: ఆ సందేశములోని మాటలన్నిటికిని ఒక్కొక్క గురుతు దొరికినది కాని, చివరిదగు “డ్యూటీ”కి మాత్రము దొరకలేదు. ఆ నాలుగక్షరములను నాలుగుమార్లు వేరువేరుగా ఎత్తిరి.

ఆ నెల్సనే 1801లో కోపెన్‌హేగన్ యుద్ధమున, పోరు చాలింపుమని పై అధికారి ఎత్తించిన జెండాను చూడుమన్నప్పుడు, చూపులేని తన కుడికంటికి దుర్భిణి ఆనించి, తనకేమియు కనబడుటలేదనెనని ప్రసిద్ధి. ఆ కన్ను 1794లో కాల్వి ముట్టడిలో చెడినది. “గ్రుడ్డికన్ను త్రిప్పుట” అను జాతీయమునకు జనము ఈ కథనే ముడిపెట్టుదురు. విధిని బోధించినవాడును, విధిని కాలరాచినవాడును ఒక్కడే యగుట చూడదగినది. గెలిచెను గనుక అది చాతుర్యమైనది. ఓడినచో విచారణసభ ముందు నిలువవలసివచ్చెడిది. తెలుగున “చూచీచూడనట్లు” అన్న మాటలో ఇంత యుద్ధము లేదు. అందు కొంత దయయు, కొంత లంచమును, కొంత మొహమాటమును కలిసియుండును.

కచ్చేరి జాతీయములలో మిక్కిలి ప్రసిద్ధమైనది “రెడ్ టేప్”, అనగా ఎర్రనాడా. ఇంగ్లండున సర్కారు కాగితములను, న్యాయవాదుల కాగితములను ఎర్రని నాడాతో కట్టెడివారు. పందొమ్మిదవ శతాబ్దినాటి కార్లైల్, డికెన్స్ ప్రభృతులు దానిని ఎగతాళిమాటగా వ్యాపింపజేసిరి. డికెన్స్ 1855 మొదలు 1857 వరకు భాగములుగా ప్రకటించిన “లిటిల్ డారిట్” నవలలో చుట్టుతిప్పుడు కచ్చేరి యొకటి కల్పించినాడు. ఏ పనినైనను ఎట్లు చేయకుండవలెనో కనిపెట్టుటయే ఆ కచ్చేరివారి పని. తెలుగుదేశపు కరణములు కాగితములు గుడ్డలో మూటకట్టెడివారు. దాని పేరు దస్తరము. దస్తరము విప్పుమనినచో కొంత పని జరుగును, కట్టుమనినచో నిలుచును. అయినను దస్తరమను మాట తిట్టు కాలేదు. లోకము తిట్టదలచినప్పుడు మూటను విడిచి, మూట కట్టినవానినే తిట్టెను. సుమతీశతకకారుడును కరణమును విడువలేదు.

ఒకరి తప్పు నొకరిపై వేయుటకు అమెరికావారు “బక్కును దాటించుట” అందురు. పేకాటలో పంచవలసినవాని ముందు గురుతుగా పెట్టు వస్తువు బక్కు. పంచుట ఇష్టము లేనివాడు దానిని ప్రక్కవానికి జరిపెడివాడు. అధ్యక్షుడు ట్రూమన్ తన బల్లపై “బక్కు ఇచ్చట ఆగును” అను పలక నుంచుకొనెను. ఆ పలక ఒక్లహోమా రాష్ట్రమున ఎల్ రినో అను చోటనున్న చెరసాలలో తయారై 1945లో ఆయనను చేరినది. తెలుగున “తిలాపాపం తలా పిడికెడు” అను నానుడి దీనికి దగ్గరగా నున్నను సరిగా అదే కాదు. బక్కు ఒకరినుండి ఒకరికి పోవును; పిడికెడు పాపము అందరికిని అంటును. యూదుల ఆచారమున జనుల పాపములు తలనెత్తుకొని అడవికి తోలబడు మేకకు 1530లో టిండేల్ తన అనువాదమున పెట్టిన పేరే నేటి “స్కేప్‌గోట్”. ప్రతి కచ్చేరిలోను అట్టి మేక యొకటి ఉండుననియు, అది సాధారణముగా చిన్నజీతపుదనియు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక వెలి. పనికిని చుట్టరికమునకును రెంటికిని చెందిన మాట ఇది. ఆంగ్లమున తోటివారు ఒకనితో మాటలు మానినచో వానిని “కోవెంట్రీకి పంపిరి” అందురు. కోవెంట్రీ ఇంగ్లండులోని పట్టణము. పదునేడవ శతాబ్దపు అంతర్యుద్ధమున రాజపక్షపు ఖైదీలను అచ్చటికి పంపుటవలన ఈ మాట పుట్టెనని కొందరందురు, నిర్ణయము లేదు. కర్మాగారములలో సమ్మెకు రాని పనివానికి తోటివారు విధించు శిక్షగా ఇది పేరుపొందినది. తెలుగు గ్రామములలో కులవెలి యనగా నిప్పు, నీరు, చాకలి, మంగలి, పెండ్లి, చావు అన్నియు బందు. దానివలన నలిగినవారు దుర్మార్గులకంటె దుర్బలులే ఎక్కువ. ఎంతో క్రూరమైన ఆ ఆయుధము బలవంతునిపై తిరిగిన సందర్భ మొకటి ఐర్లండున జరిగినది.

1880లో ఐర్లండునందలి మేయో మండలమున ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటుగా కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ అను ఆంగ్లేయుడుండెను. పంటలు పాడైనందున రైతులు శిస్తు తగ్గింపుమని అడిగిరి. ఏజెంటు వారిని భూములనుండి వెడలగొట్టుటకు నోటీసు లిప్పించెను. అంతట కూలీలు చేలలోనికి దిగుట మానిరి. ఇంటి నౌకర్లు వెళ్లిపోయిరి. అంగడివారు సరకు ఇయ్యరైరి. ఎవరును వానిపై చేయి చేసికొనలేదు, మాట మాత్రము ఆడరైరి. తుదకు కాపుదలకు వేయిమందికి పైగా సైనికులను, పోలీసులను దింపి, వేరు మండలములనుండి ఏబదిమంది కూలీలను రప్పించి దుంపలు త్రవ్వించిరి. అయిదువందల పౌనుల పంటను ఇల్లు చేర్చుటకు పదివేల పౌనులు వ్యయమైనవని నాటి లెక్క. ఆ డిసెంబరులో బాయ్‌కాట్ ఐర్లండు విడిచెను. ఇట్టి వెలికి ఆంగ్లమున అంతకుముందే “ఆస్ట్రసైజ్” అను గ్రీకు పుట్టుకగల మాటయున్నది. అది పల్లె రైతుల నోట తిరుగదని ఓమాలీ అను మతాచార్యుడు తలచి, ఆ ఏజెంటు పేరే క్రియగా వాడుడనెనని జేమ్స్ రెడ్‌పాత్ అను అమెరికా పత్రికాకారుడు వ్రాసియున్నాడు. పండితుని మాటను త్రోసి పామరుని నాలుకకు తగిన మాటను ఎన్నుకొన్న ఆ ఆచార్యుని తెలివి నిఘంటుకారులకు ఉండవలసినది.

ఆ మాట పాతికేండ్లలో సముద్రములు దాటివచ్చినది. 1905లో వంగవిభజనకు ప్రతిగా విదేశవస్తు బహిష్కారమైనది. 1921 చివరను, 1922 ఆరంభమునను గుంటూరు మండలమందలి పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పన్నుల నిరాకరణోద్యమము సాగినప్పుడు, గ్రామోద్యోగులు అనేకులు తమ ఉద్యోగములకు రాజీనామాలిచ్చిరి. శిస్తు లెక్కలు వ్రాయువారును, వసూలు చేయువారును చేతులు ముడుచుకొన్నచో సర్కారునకు ఏ యింట ఎంత రావలెనో తెలియుట దుర్ఘటమైనది. తరతరములుగా వంశమునకు కూడు పెట్టిన దస్తరమును తహసీలుదారు ముందుంచి వచ్చుట చిన్నపని కాదు. ఉప్పు తిన్న విశ్వాసము ఒక వైపు, ఊరి ఋణము ఒక వైపు. ఉప్పు దొరది కాదు, ఊరిదేనని వారు నిర్ణయించుకొనిరి. చౌరీచౌరా తరువాత గాంధీజీ సత్యాగ్రహమును ఆపివేయుటతో ఆ ఉద్యమము నిలిచినది.

“చల్లని భుజము చూపుట” అనగా పెడమొగము పెట్టుట. వాల్టర్ స్కాట్ 1816 నాటి నవలలో ఇది కనబడుచున్నది. అతిథికి చల్లారిన మాంసము వడ్డించుటనుండి పుట్టెనను కథ తరువాతివారి కల్పన. ఇట్టి మాటలకు తెలుగున సరియైనవి దొరకును. ఎదురు దిక్కున దొరకనిది “మొహమాటము”. సిగ్గు కాదు, భయము కాదు, మర్యాదయు పూర్తిగా కాదు. కాదనలేక అప్పిచ్చుట, ఆకలియైనను చాలుననుట, తప్పని తెలిసియు సాక్షిసంతకము చేయుట, ఇవన్నియు దాని కార్యములు. దీనిని ఒక్క ఆంగ్లపదమున పెట్టజూచినవారు ఓడిపోవుదురు. ఆంగ్ల కచ్చేరి నియమములు తెలుగు కచ్చేరిలో సాగక చిక్కుపడు చోట్లు వెదకినచో సగము ఇచ్చటనే దొరకును.

“డెడ్‌లైన్” అను మాట చెప్పి ముందునకు పోవలెను. అమెరికా అంతర్యుద్ధకాలమున 1864లో జార్జియా రాష్ట్రమందలి ఆండర్సన్‌విల్ ఖైదులో కంచెకు లోపల ఒక హద్దు కట్టిరి. దానిని దాటిన ఖైదీని కాల్చివేసెడివారు. అదియే చావుగీత. ఇరువదవ శతాబ్దిలో అది పత్రికల గడువునకు పేరైనది. తెలుగు కచ్చేరులలో వాడు “వాయిదా”కు మూలమైన అరబ్బీ పదమునకు వాగ్దానమని అర్థము. ఇచ్చిన మాట అను పదము, మాట తప్పి జరిపిన దినమునకు పేరైనది! చావుగీతనుండి పుట్టిన మాటను వాయిదా అని తెలిగించుకొన్నవాడు పరాయి కొలువులో ఎన్నాళ్లు నిలుచునో చెప్పుట కష్టము.

ఆంగ్లేయులును ఇచ్చటి మాటలతో ఇట్లే కుస్తీపట్టినారు. యూల్, బర్నెల్ అను వారు 1886లో ప్రకటించిన “హాబ్సన్ జాబ్సన్” నిఘంటువున ద్విభాషియగు “దుబాష్” ఉన్నాడు. కరణము “కర్నమ్” అను వేషమున ఉన్నాడు. 1984లో ఆంధ్రప్రదేశమున ఆ ఉద్యోగము రద్దైనను నిఘంటువున ఆ మాట అట్లేయున్నది. ఆ కాలపు దుబాసీలు ఎట్లు నేర్చిరనుటకు వెన్నెలకంటి సుబ్బారావుగారి జీవితమున్నది. 1784లో పుట్టి, పలు భాషలు నేర్చి, చిన్న కొలువులనుండి పైకివచ్చి, 1815 మొదలు 1829 వరకు మద్రాసు సదరు అదాలతున అనువాదకుడుగా పనిచేసిన ఆయన తన చరిత్రను ఆంగ్లముననే వ్రాసికొనెను. ఆయన గతించిన తరువాత కుమారుడు 1873లో దానిని మద్రాసున అచ్చువేయించెను. ఒక తెలుగువాడు పరభాషా నుడికారమును కొలువులోనే ఎట్లు పట్టుకొనెనో చూడగోరు విద్యార్థులు అది దొరికినచోట తెచ్చుకొని, ప్రక్కన బ్రౌను దొర 1852 నాటి నిఘంటువు పెట్టుకొని చదువవచ్చును.